ఆన్‌లైన్ బీకామా, పర్లాకిమిడి కాలేజీయా?

ప్రశ్న: మేడమ్, మాది ఒడిశాలో గజపతి జిల్లా కాశీనగరం. కిరాణా కొట్టు ఉంది. మా పెద్దమ్మాయి ప్లస్ టూ కామర్స్ పాసైంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మీడియం. వేరే రాష్ట్రం యూనివర్సిటీ ఆన్‌లైన్ బీకాం అని రోజూ ఫోన్లు వస్తున్నాయి. యూజీసీ గుర్తింపు ఉందో లేదో చూసుకున్నాను, ఉంది. ఇంట్లో ఉంటే కొట్లో కూడా కాస్త సాయంగా ఉంటుంది. కానీ కరోనా అప్పుడు ఫోనులో క్లాసు పెట్టి, కెమెరా ఆపేసి పడుకునేది. అలా చదివితే ఏమైనా వస్తుందా? పర్లాకిమిడిలో ప్లస్ త్రీ (డిగ్రీ) రెగ్యులర్‌లో వేసేయమంటారా? రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: గుర్తింపు మీరే చూసుకున్నారు కాబట్టి దాని జోలికి పోను. గుర్తింపు ఉన్న ఆన్‌లైన్ డిగ్రీ రెగ్యులర్‌తో సమానమేనని యూజీసీ 2022లోనే చెప్పేసింది. మీ అసలు భయం కూడా అది కాదు. మూడేళ్ళు ఫీజు కట్టాక పిల్లకి కాగితం తప్ప ఏమీ మిగలకపోతే ఎలా అని. ఏటా రిజల్ట్స్ రాగానే ఈ ప్రశ్న నాకు ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది.

నేనూ డిగ్రీ కాలేజీలో అకౌంట్స్ చెప్పినదాన్నే. 2020 లాక్‌డౌన్‌లో మొదటి నెల నడిపిన క్లాసులు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. గంటసేపు ఏకధాటిగా నా గొంతే. తెర మీద ఎనభై నల్ల డబ్బాలు, డబ్బాకో పేరు. ‘అర్థమైందా?’ అంటే చాట్‌లో ‘ఎస్ మేడమ్’లు వరసగా పడేవి. ఓ రోజు నా మైకు మ్యూట్‌లో ఉండిపోయింది. చూసుకోకుండా పది నిమిషాలు చెప్పుకుపోయాను. తీరా చూస్తే అప్పుడు కూడా చాట్‌లో రెండు ‘ఎస్ మేడమ్’లు ఉన్నాయి!

ఆ మర్నాటి నుంచి పద్ధతి మార్చాను. పాఠాన్ని పావుగంట ముక్కలుగా రికార్డు చేసి ముందురోజు రాత్రే వాట్సాప్‌లో పెట్టేదాన్ని. నెట్ ఎప్పుడు అందితే అప్పుడు చూసుకుంటారు. మీటింగ్‌లో మాత్రం లెక్కలే. ఎనభై మందిని నాలుగు జట్లు చేశాను. లక్ష రూపాయల మిషను, తగ్గే నిల్వ మీద, అంటే ఏటా మిగిలిన విలువ మీద, పది శాతం తరుగుదల. మొదటి ఏడాది చివర తొంభై వేలు, రెండో ఏడాది చివర ఎంత? ఒకరిని పేరు పెట్టి అడిగి నేను ఊరుకునేదాన్ని. పదిహేను సెకన్ల ఆ మౌనం కాలేజీ గదిలో ఏమంత అనిపించదు కానీ ఫోనులో ప్రాణం మీదకి వస్తుంది. ఒకమ్మాయి ఎనభై వేలంది. ఇంకొకడు కాదు, ఎనభై ఒక వెయ్యి అన్నాడు. ఎందుకో మీరిద్దరే తేల్చుకోండన్నాను. ఆ నెలలో నా క్లాసులో మొదటిసారి పిల్లల గొంతు వినబడింది.

కెమెరా పెట్టమని నేనెవరినీ బలవంతపెట్టలేదు. డేటా ఊరికే రాదు, వెనకాల ఇల్లు అందరికీ కనబడుతుందన్న మొహమాటం ఇంకొకటి. పైగా వీడియో మీటింగ్‌లో గంటలకొద్దీ అందరి మొహాలూ మీదకొచ్చినట్టు ఉండటం, మన మొహం మనమే చూసుకుంటూ కూర్చోవడం, కదలకుండా ఉండాల్సి రావడం మనిషిని అలసట పెడతాయని స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జెరెమీ బెయిలెన్సన్ 2021లో రాశాడు. తన వీడియో తనకి కనబడకుండా దాచుకునే సెట్టింగ్ జూమ్‌లో ఉంది, అమ్మాయికి చెప్పండి. కెమెరా ఆపినా ఫర్వాలేదు, మైకు మాత్రం తెరవాలి. అప్పట్లో తను పడుకుందంటే తప్పంతా తనదే కాదు. లేపి అడిగినవాళ్ళు లేరు.

ఇక మీకు ఫోన్లు చేసేవాళ్ళ సంగతి. వాళ్ళూ తమని ‘కౌన్సెలర్’ అనే చెప్పుకుంటారు, మాలాంటి కౌన్సెలర్ల పేరు చెడగొట్టారు. అడ్మిషన్‌కి ఇంత అని టార్గెట్ ఉన్న మనిషి సలహా ఎలా ఇస్తాడు? ‘లైవ్ క్లాసులు’ అనే మాట మీద నాకు బోలెడు అనుమానాలున్నాయి. లైవ్ అంటే రెండు వందల మంది ముందు ఓ సార్ స్లైడ్లు చదవడం కావచ్చు. అదే అయితే యూట్యూబ్‌లో ఊరికే దొరుకుతుంది. ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన డేటా సైన్స్ కోర్సు చూడండి: పాఠాలు రికార్డింగులు, లైవ్ సెషన్లు సందేహాలకి, పరీక్షలు మాత్రం సెంటర్‌కి వెళ్ళి రాయాల్సిందే. ఏది ఎందుకో వాళ్ళకి తెలుసు. మీకు ఫోన్ చేసినవాణ్ణి ఒక్కటే అడగండి: ‘లైవ్‌లో ఎంతమంది ఉంటారు, మా అమ్మాయి మాట్లాడే వంతు ఎప్పుడొస్తుంది?’ నీళ్ళు నమిలితే ఫోన్ పెట్టేయండి.

మీ ఉత్తరంలో మీరు పట్టించుకోనిది ఇంకోటుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇప్పుడు ఎక్కడో కూర్చున్న సార్ హిందీ, ఇంగ్లీషు కలిపి చెబుతాడు. ఆ క్లాసులో మీ పిల్ల నోరు విప్పకపోతే బద్ధకం అనుకుంటారు. పర్లాకిమిడిలో అయితే క్లాసయ్యాక వరండాలో ఏ ఒడియా పిల్లో, ఏ తెలుగు పిల్లో పక్కనుండి విడమరిచి చెబుతుంది. మీటింగ్ ‘లీవ్’ నొక్కాక ఎవరున్నారు?

కటువుగా అంటున్నాను, ఏమనుకోకండి. ‘కొట్లో సాయంగా ఉంటుంది’ అని రాశారే, నాకు ఒళ్ళు మండింది. క్లాసు మధ్యలో ‘అమ్మా, అరకేజీ కందిపప్పు కట్టు’ అని మీరు కేకేస్తే మైకు ఎలా తెరుస్తుంది? ఆన్‌లైన్ అంటే కాలేజీ మీ ఇంటికి వచ్చినట్టు. ఆ గంట తలుపు మూసిన గది, ఇయర్‌ఫోన్స్, అటువైపు ఎవరూ రాకపోవడం మీరు ఇవ్వగలరా? ఇవ్వలేకపోతే మీ ఇంటికి ఆ కోర్సు కుదరదు. అబ్బాయైతే కొట్టు గురించి రాసేవారా?

పోలిక అడిగారు కదా. నన్నడిగితే గుణుపురం రైలో, బస్సో ఎక్కించి పర్లాకిమిడి పంపిస్తాను. అక్కడి గజపతి కాలేజీ 1896 నుంచీ ఉంది, మీలాంటి ఇళ్ళ పిల్లల్ని చాలామందిని చూసింది. ఆన్‌లైన్ రుచి కావాలంటే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’లో ఓ కోర్సు చేసుకోవచ్చు. కాలేజీ ఒప్పుకుంటే ఆ క్రెడిట్లు డిగ్రీలో కలుస్తాయి కూడా. అయినా భయపడకండి, ఇంటి పట్టున ఉండక తప్పని పిల్లలు ఆన్‌లైన్‌లో చదివి బాగుపడ్డవాళ్ళనీ చూశాను. అడిగే నోరు, అడగనిచ్చే ఇల్లు వాళ్ళకి ఉన్నాయి.

ఫీజు కట్టే ముందు ఒక పని చేయండి. అమ్మకానికి చూపించే డెమో కాకుండా, నడుస్తున్న మామూలు క్లాసు లింకు ఒకటి ఇమ్మని అడగండి. ఇస్తే అమ్మాయిని ఒక్కదాన్నే వినమనండి, వీలైతే ఓ ప్రశ్న అడగమనండి. ఆ తర్వాత నాకు తనని రాయమనండి, తెలుగులోనో ఒడియాలోనో. మీరు రాసినదాంట్లో అమ్మాయికి ఏం చదవాలనుందో ఎక్కడా లేదు.