రుజువైన సంగతి మళ్లీ మారవచ్చా?

ప్రశ్న: నేను ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. నేను చదువుకున్న పాత పుస్తకంలో కాకతీయ రాణి రుద్రమదేవి 1295 దాకా పాలించిందని ఉండేది; ఇప్పుడు నా విద్యార్థులకు 1289లోనే మరణించిందని చెబుతున్నాను. ఈ తేడాను తరగతిలో ప్రస్తావించినప్పుడు ఒక అబ్బాయి లేచి, "ఏది నిజమో ఎట్ల తెలుస్తది మేడం, మీరు చూసిండ్రా?" అని అడిగాడు. ఇంట్లో మా అన్నయ్యతో చెబితే, "ఈ లోకంలో ఏదీ పూర్తిగా రుజువు కాదు, ఎవరి నమ్మకం వారిది" అని తేల్చేశాడు. ఆ మాట నాకు మింగుడుపడటం లేదు. కాదనడానికి ఆధారమూ దొరకడం లేదు. ఏ విషయాన్నైనా సందేహానికి తావు లేకుండా తెలుసుకోవడం సాధ్యమేనా?
- ఒక ఉపాధ్యాయురాలు, హనుమకొండ

జవాబు: మీ అన్నయ్యగారు ఒకే వాక్యంలో రెండు మాటలు అన్నారు. ఏదీ పూర్తిగా రుజువు కాదన్నది మొదటిది. కాబట్టి ఎవరి నమ్మకం వారిదన్నది రెండోది. మొదటి దానిలో చాలా నిజం ఉంది. రెండోది అందులోంచి పుట్టదు. మీకు మింగుడుపడనిది ఆ రెండోదే అనుకుంటాను.

మొదటి మాట చాలా పాతది. సుమారు 1800 ఏళ్ల కిందట బౌద్ధ తత్త్వవేత్త నాగార్జునుడు 'విగ్రహవ్యావర్తని'లో ఇదే ప్రశ్న వేశాడు: ప్రత్యక్షం (కళ్లారా చూడటం), అనుమానం (గుర్తును బట్టి గ్రహించడం) వంటి ప్రమాణాల వల్ల, అంటే తెలుసుకునే సాధనాల వల్ల, వస్తువులు తెలుస్తాయంటున్నారు సరే, ఆ ప్రమాణాలు సరైనవేనని దేనివల్ల తెలిసింది? మరో ప్రమాణం వల్ల అంటే దానికి ఇంకొకటి కావాలి, దానికి మరొకటి. ఎక్కడా నిలకడ ఉండదు. మన శాస్త్రకారులు దీనినే అనవస్థ అన్నారు. తర్కశాస్త్రానికి మూలగ్రంథమైన న్యాయసూత్రాలు ఈ చిక్కు దగ్గర తక్కెడను ఉదాహరణగా తెచ్చాయి. బంగారాన్ని తూచేటప్పుడు తక్కెడ ప్రమాణం. దాని మీదే సందేహం కలిగితే, బరువు ముందే తెలిసిన మరో వస్తువుతో దానినీ పరీక్షించవచ్చు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తెచ్చే రైతుకు ఈ సూత్రాన్ని ఎవరూ నేర్పనక్కరలేదు. కాంటా మీద అనుమానం వస్తే అతడు లోకంలో తూకమనేదే లేదని ఇంటికి వెళ్లిపోడు. తూకపు రాయి పెట్టించి చూస్తాడు, లేదా బస్తాను మరో కాంటా మీద వేయిస్తాడు. నాగార్జునుడి ప్రశ్న దీనితో పూర్తిగా తీరిపోయిందని నేను అనను. అన్ని కాంటాలనూ ఒక్కసారిగా అనుమానించేవాడికి చూపడానికి నా దగ్గర కూడా రాయి లేదు. కానీ ఏ కాంటానైనా దాని వంతు వచ్చినప్పుడు పరీక్షించవచ్చునన్నది మన పనికి సరిపోతుంది.

గణితం సంగతి వేరు. త్రిభుజంలోని మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలని యూక్లిడ్ స్వీకృతాల నుంచి ఒకసారి రుజువయ్యాక అది మారదు. ఆ స్వీకృతాలు వర్తించని గోళం మీద మాత్రం ఆ మొత్తం అంతకు మించుతుంది. అంటే అక్కడ కూడా నిశ్చయం ముందుగా ఒప్పుకున్న మాటల పరిధిలోనే ఉంటుంది.

చరిత్రకు ఆ పాటి వెసులుబాటు కూడా లేదు. మీ పాఠంలోని రుద్రమనే చూడండి. మోటుపల్లి రేవు ఉన్న దేశాన్ని ఏలుతున్న రాణి చనిపోయిన రాజు భార్య అని మార్కో పోలో చెప్పాడు. ఆ కాలానికి దగ్గరి మనిషి, అబద్ధం చెప్పవలసిన అవసరం లేనివాడు. అతని మాట నమ్మి ఆమెను గణపతిదేవుని భార్యగా భావించిన వారున్నారు. కానీ 1261 నాటి మల్కాపురం శాసనం ఆమెను గణపతిదేవుని కూతురని చెబుతోంది. రెండూ ఒకరు చెప్పగా మనం వినే శబ్దప్రమాణాలే. అయినా ఆమె జీవించి ఉండగానే, ఆ రాజకుటుంబాన్ని దగ్గరగా ఎరిగినవారు నలుగురూ చదివేలా రాతి మీద చెక్కించిన మాటను, దూరదేశం నుంచి వచ్చిన యాత్రికుడు విని చెప్పిన మాటతో సరితూచలేం. "ఎవరి నమ్మకం వారిది" అనే సూత్రం ఇక్కడే వీగిపోతుంది.

ఇక మరణం. నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన శాసనం 1289 నవంబరు నాటిది. రుద్రమదేవి, సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వారి పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే అతను భూమిని దానమిచ్చాడని అది చెబుతుంది. ఆ రాయి వెలుగులోకి వచ్చాక 1295 నిలవలేదు. అయితే ఆ శాసనంలో ఉన్నది దానం చేసిన తేదీ, కన్నుమూసిన తేదీ కాదు. ఆ రోజే మరణించిందని చాలామంది రాస్తున్నది రాతి మీద లేని మాట. సామంతుడైన కాయస్థ అంబదేవునితో యుద్ధంలో మరణించిందన్నది కూడా, అతడు అప్పటికి తిరగబడి ఉండటాన్ని, రాణి పేరుతో పాటు సేనాని పేరు ఉండటాన్ని కలిపి చరిత్రకారులు, పొగను చూసి నిప్పును గుర్తించినట్లు, చేసిన అనుమానమే. అది బలమైనదని నా అభిప్రాయం. కానీ నిప్పు లేనిదే పొగ రాదనేవారు, తాము చూసింది పొగేనా, మార్గశిర మాసపు తెల్లవారుజామున పాకాల చెరువు మీద లేచే మంచా అని ముందు చూసుకోవాలి కదా.

న్యాయస్థానం కూడా సంపూర్ణ నిశ్చయం కోసం ఎదురుచూడదు. 1872 నాటి సాక్ష్య చట్టం ప్రకారం, వివేకవంతుడైన మనిషి ఆ పరిస్థితుల్లో నిజమనుకొని నడుచుకోదగినంతగా సంభావ్యమైన సంగతి రుజువైనట్లే. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన కొత్త చట్టం కూడా ఆ నిర్వచనాన్ని అలాగే ఉంచింది.

అందువల్ల ఆ అబ్బాయితో "నేను చూడలేదు నాయనా" అని ముందుగా ఒప్పుకోండి. అతని ప్రశ్న మంచి ప్రశ్న, దానిని కసరకండి. తర్వాత నల్లబల్ల మీద మూడు వాక్యాలు రాయండి: 1289 నవంబరు నాటికి రుద్రమ జీవించి లేదు, ఆమె యుద్ధంలో మరణించింది, ఆమె ఫలానా తేదీన మరణించింది. రేపు ఎలాంటి శాసనం దొరికితే ఏ వాక్యం చెరిపివేయాలో పిల్లలనే చెప్పమనండి. మొదటి వాక్యం చెరగాలంటే, అంతకు తర్వాతి తేదీతో ఆమె స్వయంగా వేయించిన శాసనం వంటిదేదో బయటపడాలి; పడితే మీ పాఠంతో పాటు ఈ జవాబును కూడా దిద్దుకుందాం.