ఇఫ్తార్ వేళకు రోడ్డు మీద ఉండకు

జగిత్యాల,
2019 మే 9.

చిరంజీవి స్రవంతికి పెద్దబాపు దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. డాలస్ నుంచి సెలవులకు వస్తూ దుబాయిలో దిగి, పగలంతా ఊరు చూసుకొని రాత్రికి హైదరాబాద్ విమానం ఎక్కుతావని మీ బాపు చెప్పినప్పటి నుంచి నా మనసు ఒక చోట నిలవడం లేదు. పదిహేడేళ్ళు నేను సెంట్రింగ్ చెక్కలు మోసిన ఊరిని నా బిడ్డ నల్లద్దాలు పెట్టుకొని చూడబోతున్నదన్న గర్వం ఒకవైపు, ఒంటరిగా, మే ఎండలో, అందులోనూ రంజాన్ నెలలో అన్న దిగులు ఇంకొకవైపు. ఫోన్‌లో చెబితే "సరే, సరే" అని పెట్టేస్తావు కనుక రాస్తున్నాను.

అమెరికా వీసా ఉన్న మనవాళ్ళకు అక్కడ దిగాక వీసా ఇచ్చే పద్ధతి 2017లోనే వచ్చింది. అయినా బయలుదేరే ముందు మరొకసారి కనుక్కో. పెద్ద పెట్టెను నేరుగా హైదరాబాద్‌కే వేయించు. భుజాలు, మోకాళ్ళు కప్పే నూలు బట్టలు వేసుకో.

రంజాన్‌లో పగటిపూట వీధిలో గానీ పడవలో గానీ ఏమీ తినకూడదు, మంచినీళ్ళు కూడా తాగకూడదు. అది అక్కడ మర్యాద మాత్రమే కాదు, చట్టం. అలాగని దాహంతో సొమ్మసిల్లి పడిపొమ్మని ఎవరూ అనరు. పెద్ద మాల్స్‌లో తెరలు కట్టి నడిపే హోటళ్ళు ఉంటాయి, లోపలికి వెళ్ళి కడుపునిండా తాగు. మెట్రోలో మాత్రం రంజాన్ అయినా కాకపోయినా తినడం, తాగడం కుదరదు, 100 దిర్హమ్‌ల జరిమానా పడుతుంది. ఆడవాళ్ళకు వేరే పెట్టె ఉంటుంది, అందులోనే ఎక్కు.

ఎండ ముదరకముందే యూనియన్ స్టేషన్‌లో రైలు మారి అల్ రాస్‌లో దిగితే, ఎండునిమ్మకాయలూ కుంకుమపువ్వూ గోనెసంచుల్లో పోసి అమ్మే పాత బజారు ఎదురవుతుంది. అక్కడి నుంచి ఒక్క దిర్హమ్ ఇచ్చి అబ్రా పడవలో ఖోర్, అంటే ఊరి మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, దాటి అల్ ఫహీదీ పేటకు వెళ్ళు. పారశీక దేశపు బస్తక్ నుంచి వచ్చిన వర్తకులు కట్టుకున్న ఆ ఇళ్ళ మీద నాలుగు వైపులా తెరుచుకొనే గాలిగోపురాలు ఉంటాయి. కరెంటు లేని కాలంలో ఏ దిక్కు గాలినైనా పట్టి కింది గదుల్లోకి దింపడానికి కట్టినవి అవి. వాటి కింద కాసేపు నిలబడు. మిట్టమధ్యాహ్నం మాత్రం మాల్‌లోనే ఉండు.

ఇక అసలు మాట. సాయంత్రం ఐదు కల్లా విమానాశ్రయంలో ఉండాలి. "విమానం రాత్రికి కదా పెద్దబాపూ" అంటావని తెలుసు. 1988లో నేనూ అలాగే అనుకున్నాను. ఆ ఏడాది కూడా రంజాన్ ఇలాగే ఏప్రిల్, మే నెలల్లో వచ్చింది. రెండేళ్ళ తరువాత ఇంటికి వస్తున్నాను. రాత్రి ఎనిమిదిన్నరకు బొంబాయి విమానం. మీ నాయనమ్మకు రగ్గు కొనలేదని చివరి క్షణంలో గుర్తుకొచ్చి, పెట్టెతో సహా బర్ దుబాయి బజారుకు పోయి, ఐదు దిర్హమ్‌ల కోసం బేరమాడుతూ కూర్చున్నాను. బయటికి వచ్చేసరికి ఆరున్నర. టాక్సీలో పావుగంట దూరమే కదా అన్నది నా ధీమా. టాక్సీ దొరికితే కదా! అంతసేపూ హారన్లు మోగించుకుంటూ పరుగులు తీసిన బండ్లన్నీ మాయమయ్యాయి. అందరూ ఉపవాసం విడిచే వేళ అది, ఇఫ్తార్. అజాన్ వినిపించేసరికి వీధి ఊడ్చిపెట్టినట్టు అయింది.

మసీదు పక్కన ప్లాస్టిక్ పట్ట పరచుకొని నలభై మంది దాకా బారుగా కూర్చున్నారు. వారిలో ఒక ముసలి పఠాన్ టాక్సీ డ్రైవరు నా పెట్టెను చూసి, "కూర్చో తమ్ముడూ, రెండు ఖర్జూరాలు తిను, నమాజు చేసుకొని పది నిమిషాల్లో నేనే దింపుతాను" అని హిందీలో చెప్పి, పక్కకు జరిగి చోటిచ్చి చేయి పట్టుకున్నాడు. నేను విదిలించుకున్నాను. పది నిమిషాలు పోతాయన్న ఆదుర్దా కొంత, తేరగా పెట్టింది తినడమేమిటన్న పొగరు కొంత. రగ్గు నెత్తిన పెట్టుకొని వీధులన్నీ తిరిగి, ఎక్కడా టాక్సీ దొరకక, చెమటతో తడిసి ఆ మసీదు దగ్గరికే తిరిగి వచ్చేసరికి పట్ట చుట్టేస్తున్నారు. పఠాన్ వేరే వారిని ఎక్కించుకొని వెళ్ళిపోయాడు. నేను చేరేసరికి విమానాశ్రయంలో కౌంటర్ మూసేశారు.

మళ్ళీ సీటు దొరికింది రెండు రోజుల తరువాత. అప్పటికి మీ బాపుకు పందొమ్మిదేళ్ళు. కరీంనగర్ నుంచి ఒక్కడే బస్సెక్కి నన్ను తీసుకుపోవడానికి బొంబాయి వచ్చాడు. కబురు పంపే దారి నాకు లేదు, అన్న వస్తాడో రాడో అతనికి తెలియదు. సహార్ విమానాశ్రయం బయట ఇనుపకడ్డీల దగ్గర రెండు రాత్రులు గడిపాడు. నేను బయటికి వచ్చినప్పుడు కడ్డీని పట్టుకొని నిలబడే నిద్రపోతున్నాడు. లేపితే ఒక్క మాట అనలేదు, నా చేతిలోని రగ్గు అందుకున్నాడు. నీకు చిన్నప్పుడు జ్వరం వస్తే కప్పిన పులిబొమ్మ రగ్గు అదే.

కాబట్టి మొండితనం చేయకు. ఒకవేళ ఏ కారణం చేతనైనా పొద్దుగూకేవేళకు బయటే చిక్కుకుపోతే, పరుగెత్తకుండా ఎక్కడున్నావో అక్కడే కాసేపు ఆగు. ఎవరైనా ఖర్జూరం ఇస్తే తీసుకో, కాదనకు. బుర్జ్ ఖలీఫా పై అంతస్తుల వాళ్ళు రెండు మూడు నిమిషాలు ఆలస్యంగా ఉపవాసం విడవాలట, అంత ఎత్తున సూర్యుడు ఆలస్యంగా అస్తమిస్తాడు కనుక. నువ్వు మాత్రం ఆ సమయానికి అక్కడ ఫొటోలు తీసుకుంటూ ఉండకూడదు.

గేటు దగ్గర కూర్చున్నాక నాకు ఫోన్ చేయి. నిన్ను తీసుకురావడానికి శంషాబాద్‌కు మీ బాపుతో పాటు నేనూ వస్తున్నాను. విమానం తెల్లవారుజామున కదా అంటే వినకుండా, అతను ముందురోజు మధ్యాహ్నమే బయలుదేరుదామంటున్నాడు.

ఆశీస్సులతో,
మీ పెద్దబాపు.