పుస్తకం తర్వాత, ముందు వార్డుకి వెళ్లండి

మెడిసిన్ చదువులో క్లినికల్ పోస్టింగులు (వార్డుల్లో రోగుల దగ్గర నేర్చుకునే రోజులు) మొదలవుతున్నాయి, ఈలోపు ఏ పుస్తకం పూర్తి చేసుకోవాలి అని అడిగారు. ఏదీ అక్కర్లేదు. పుస్తకం రాత్రి కూడా దొరుకుతుంది, రోగి దొరకరు. పెద్ద డాక్టర్ల రౌండ్స్ మొదలై మంచం చుట్టూ పదిహేను మంది మూగాక వెనక నిలబడ్డవాళ్లకు కనిపించేది ముందువాళ్ల వీపులే. గంట ముందే వెళ్లి ఒక్క రోగిని పూర్తిగా చూడండి. పది కేసులు విన్నా అంత రాదు.

పొట్టలో ఎడమ పక్కటెముకల కింద ఉండే స్ప్లీన్ (ప్లీహం) పెరిగిందేమో చేత్తో చూడటమే తీసుకోండి. చాలామంది తిన్నగా ఎడమ పక్కటెముకల కింద చెయ్యి పెట్టి నొక్కేస్తారు. స్ప్లీన్ బాగా పెరిగితే దాని అంచు బొడ్డు దాటి కుడివైపు కిందికి వచ్చేస్తుంది. అప్పుడు మీ చెయ్యి అంచు మీద కాదు, ఏకంగా స్ప్లీన్ మీదే ఉంటుంది. పొట్ట గట్టిగా ఉందనుకుని వదిలేస్తారు. అందుకే కుడి పొత్తికడుపు నుంచి మొదలుపెట్టాలి. రోగి మోకాళ్లు కాస్త మడవాలి, మీ చేతులు వెచ్చగా ఉండాలి, ఎడమ చెయ్యి వెనక నుంచి కింది పక్కటెముకలకు ఆనించి ఉంచాలి. ఊపిరి వదులుతున్నప్పుడు కుడి చేతిని ఎడమ పక్కటెముకల వైపు 2 సెంటీమీటర్లు జరపండి, పీలుస్తున్నప్పుడు కదలకుండా ఆపండి. అంచే వచ్చి వేళ్లకు తగలాలి, మీరు వెతుక్కుంటూ వెళ్లకూడదు. తగలకపోతే కుడి పక్కకు తిప్పి పడుకోబెట్టి మళ్లీ చూడండి. మామూలు సైజుకి రెండు మూడు రెట్లు పెరిగితే గానీ చేతికి అందదు కాబట్టి తగల్లేదంటే పెరగలేదని కాదు. ఎడమ కిడ్నీ అని అనుమానం వస్తే, దానికీ పక్కటెముకలకూ మధ్య వేళ్లు దూరతాయేమో చూడండి. స్ప్లీన్ అయితే దూరవు. గట్టిగా మాత్రం పొడవకండి. ఇన్ఫెక్షన్‌తో ఉబ్బిన స్ప్లీన్ చిట్లే ప్రమాదముంది.

ఆ మంచం మీది మనిషిని పొద్దుటి నుంచి మీలాంటివాళ్లు నలుగురు నొక్కి ఉంటారు. పేరు చెప్పండి, విద్యార్థినని చెప్పండి, అనుమతి అడగండి, కర్టెన్ లాగండి. వద్దంటే పక్క మంచానికి వెళ్లండి. ఇది మర్యాద కోసం మాత్రమే చెప్పట్లేదు. భయపడ్డ రోగి పొట్ట బిగబడుతుంది, బిగబడిన పొట్టలో ఏదీ తెలియదు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది కేసు షీటు చూసి హిస్టరీ (రోగి చెప్పే జబ్బు కథ) దింపేసుకోవడం. "ఆయాసం, 3 వారాలు" అని షీటులో ఉంటుంది. రాత్రి పడుకోగానే ఊపిరాడక లేచి కూర్చుంటున్నారా, మెట్లెక్కితేనే వస్తోందా అన్నది అడిగితేనే బయటపడుతుంది. గుండె వైపు వెళ్లాలా ఊపిరితిత్తుల వైపు వెళ్లాలా అన్నది తేలడం మొదలయ్యేది అక్కడే. మొదటి రెండు నిమిషాలు అడ్డుపడకుండా విని, వాళ్లు చెప్పిన మాటల్లోనే రాసుకోండి.

పిల్లల వార్డులో పెద్దవాళ్లను చూసే వరస పనికిరాదు. బిడ్డ అమ్మ ఒళ్లో నిద్రపోతుంటే ముందు శ్వాస లెక్కపెట్టండి, పూర్తిగా నిమిషం పాటు. తర్వాత గుండె వినండి. చెవి, గొంతు ఆఖర్న. గొంతు ముందు చూశారంటే ఏడుపు మొదలవుతుంది, ఇక గుండె చప్పుడు వినపడదు.

ఆపరేషన్ థియేటర్‌కి ఖాళీ కడుపుతో వెళ్లకండి. మాస్కు వేసుకుని వేడి లైట్ల కింద రెండు గంటలు కదలకుండా నిలబడితే కళ్లు తిరగడం మామూలే. తిరుగుతున్నట్టు అనిపించగానే చెప్పి, స్టెరైల్ (క్రిములు లేకుండా చేసిన) బట్టలకు దూరంగా వెనక్కి జరిగి నేల మీదే కూర్చోండి. సిగ్గుపడి నిలబడితే టేబుల్ మీదే పడతారు. స్క్రబ్ అయ్యాక (ఆపరేషన్ కోసం చేతులు కడుక్కున్నాక) చేతులు మోచేతులకంటే పైనే ఉండాలి, నీళ్లు వేళ్ల నుంచి మోచేతి వైపు కారాలి.

ఒక మంచం నుంచి ఇంకో మంచానికి వెళ్లేటప్పుడు ఆల్కహాల్ హ్యాండ్ రబ్‌తో చేతులు 20 నుంచి 30 సెకన్లు రుద్దండి, బొటనవేళ్లు, గోళ్ల చివర్లు వదలకుండా. క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే బాక్టీరియా వల్ల విరేచనాలు అవుతున్న రోగి దగ్గర మాత్రం ఆల్కహాల్ చాలదు, ఆ బాక్టీరియా స్పోర్లు (గట్టి పెంకున్న విత్తనాల్లాంటి రూపాలు) దానికి చావవు. గ్లవ్స్ వేసుకోండి, తీసేశాక సబ్బు, నీళ్లతో కడగండి. స్టెతస్కోప్ కూడా తుడవండి, అది మీ మెడలో వేలాడుతూ వార్డంతా తిరుగుతుంది.