షెడ్డులో తమ్ముడి వేళ్లు పోయాయి, ఓనర్ 30 వేలు ఇచ్చి సంతకం పెట్టమంటున్నాడు: ఏం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: మీ తమ్ముడు విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేస్తున్నాడు. వయసు 35, నెలకు 18 వేల దాకా వస్తుంది. రేకులు కోసే మెషిన్‌లో కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. ఆస్పత్రి బిల్లు ఓనర్ కట్టాడు. ఇప్పుడు 30 వేలు ఇస్తాను, ఇకమీదట ఏమీ అడగనని స్టాంపు పేపర్ మీద సంతకం పెట్టమంటున్నాడు. ఇన్సూరెన్స్ ఉందో లేదో మీకు తెలియదు.

ముందు ఆ సంతకం ఆపండి. డబ్బు అవసరమైతే తీసుకోండి, తప్పులేదు. కాకపోతే రసీదులో "పరిహారంలో అడ్వాన్సుగా ముట్టింది" అని ఉండాలి. హక్కు వదులుకున్నట్టు కార్మికుడితో రాయించుకున్న కాగితం చట్టం ముందు చెల్లదు. కానీ అలాంటి కాగితం ఒకటి ఉంటే దాన్ని చూపించి కేసును ఏళ్లకేళ్లు లాగుతారు.

నేను ఆటోనగర్‌లోనే ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో లెక్కలు రాస్తాను. జీతాల బట్వాడా పుస్తకం, ఇన్సూరెన్స్ పాలసీ రెన్యువల్ నా చేతుల మీదుగానే జరుగుతాయి. మా హెల్పర్ ఒకతని చెయ్యి ప్రెస్సులో నలిగినప్పుడు క్లెయిమ్ కాగితాలన్నీ పట్టుకుని తిరిగింది నేనే. అందుకే ఈ సంగతి కాస్త వివరంగా రాస్తున్నాను.

అందరూ పొరబడేది ఒక చోట ఉంది. ఇన్సూరెన్స్ ఉంటేనే డబ్బు వస్తుందని, లేకపోతే ఓనర్ దయ అని అనుకుంటారు. అది నిజం కాదు. పనిలో, పని కారణంగా దెబ్బ తగిలితే పరిహారం కట్టాల్సిన బాధ్యత యజమానిది. 1923 నాటి కార్మిక పరిహార చట్టం నుంచీ ఇదే ఉంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో ఆ చట్టాన్ని కలిపేశారు, అయినా యజమాని బాధ్యత, లెక్క కట్టే పద్ధతి అవే. ఇన్సూరెన్స్ పాలసీ అనేది ఓనర్ తన జేబుకు వేసుకున్న రక్షణ. అది ఉంటే కంపెనీ కడుతుంది, లేకపోతే ఓనర్ సొంత డబ్బు తీయాలి. మీ తమ్ముడికి రావాల్సిన మొత్తం మాత్రం రూపాయి కూడా మారదు.

ఇక లెక్క. జీతంలో 60 శాతం తీసుకుని, వయసును బట్టి చట్టంలో ఇచ్చిన అంకెతో గుణించాలి. అది పూర్తి వైకల్యానికి. అందులో నుంచి గాయాన్ని బట్టి శాతం. జీతం ఎంత ఉన్నా లెక్కలోకి తీసుకునే పరిమితి 2020 జనవరి నుంచి 15,000. 35 ఏళ్లకు అంకె 197.06. అంటే 9,000 ఇంటూ 197.06, మొత్తం 17,73,540 రూపాయలు. ఒక చేతికి రెండు వేళ్లు పూర్తిగా పోతే చట్టం జాబితాలో 20 శాతం ఉంది. లెక్క వేస్తే 3,54,708. ఇప్పుడు ఆ 30 వేల పక్కన ఈ అంకె పెట్టి చూడండి.

వేలు పూర్తిగా కాకుండా ఒక కణుపు దాకా పోతే శాతం తగ్గుతుంది. చూపుడు వేలు మొత్తం పోతే 14, ఒక కణుపే అయితే 9. బొటనవేలికి మాత్రం ఎక్కువ, మొత్తం పోతే 30. జాబితాలో లేని గాయమైతే సంపాదించే శక్తి ఎంత తగ్గిందో డాక్టర్ రాసివ్వాలి. సదరం సర్టిఫికెట్ పింఛను కోసం ఇచ్చేది, దాని మీదే ఆధారపడకండి. ఒక్కోసారి జాబితాలో ఉన్న శాతం కంటే ఎక్కువ కూడా ఇవ్వొచ్చు. ఎడమ చెయ్యి మోచేతి పైకి తీసేసిన ఒక వడ్రంగి కేసులో, ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి అది పూర్తి వైకల్యమేనని సుప్రీంకోర్టు తీర్పు ఉంది. ఈ రంగంలో అందరూ చూపించే తీర్పు అది. మీ తమ్ముడు వెల్డరో, కట్టరో అయితే, కుడిచెయ్యి పట్టు లేకుండా ఆ పని ఎంతవరకు చేయగలడన్నది డాక్టర్ చేత స్పష్టంగా రాయించండి.

ఇది కాక, పనికి వెళ్లలేని రోజులకు ప్రతి పదిహేను రోజులకు నెల జీతంలో 25 శాతం ఇవ్వాలి. వైద్యం ఖర్చు ఓనరే పెట్టుకోవాలి, దాన్ని పరిహారంలో కోయడానికి వీల్లేదు. "బిల్లు నేనే కట్టానుగా" అన్న మాట మీ ఓనర్ కూడా అనే ఉంటాడు. అన్నా సరే, ఆ లెక్క వేరు, ఈ లెక్క వేరు.

ఇప్పుడు అసలైన చోటికి వస్తాను. ఈ కేసులు పోయేది కోర్టులో కాదు, మొదటి గంటలో ఆస్పత్రి క్యాజువాలిటీలో పోతాయి. మా పక్క షెడ్డులో ఒకతనికి కాలు విరిగితే, తీసుకెళ్లిన మేస్త్రి పోలీసు కేసు అవుతుందని టెన్షన్ పడి "ఇంట్లో మెట్ల మీద జారాడు" అని డాక్టర్‌కి చెప్పాడు. కేసు షీట్‌లో అదే ఎక్కింది. తర్వాత ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి ఆ ఒక్క వాక్యం కింద గీత గీసి చూపించాడు. పని చోట జరిగిందని నిరూపించడానికి తోటి పనివాళ్ల సాక్ష్యం తెచ్చేసరికి వాళ్ల ఇంటిల్లిపాదీ అలసిపోయారు. మీరు ఇవాళే ఆస్పత్రికి వెళ్లి కేసు షీట్, డిశ్చార్జి సమ్మరీ కాపీలు తీసుకోండి. దెబ్బ ఎలా తగిలిందని రాశారో చదవండి. ఎంఎల్‌సీ (పోలీసులకు తెలియజేసే మెడికో లీగల్ కేసు) నమోదైందా అడగండి. తప్పుగా ఉంటే, మీ తమ్ముడు స్వయంగా వాంగ్మూలం ఇచ్చి సరిచేయమని రాతపూర్వకంగా అడగాలి.

పాలసీ సంగతి. ఓనర్ దగ్గర ఉంటే షెడ్యూల్ పేజీ ఒకసారి చూపించమని అడగండి. అందులో వెల్డర్లు ఇంతమంది, హెల్పర్లు ఇంతమంది, ఏడాది జీతాలు ఇంత అని గడులు ఉంటాయి. ప్రీమియం ఆ జీతాల మీదే పడుతుంది కాబట్టి చాలామంది పదిమంది ఉంటే నలుగురినే చూపిస్తారు, 18 వేలు ఇచ్చి 9 వేలని రాస్తారు. ప్రమాదం జరిగాక అది ఓనర్ మెడకే చుట్టుకుంటుంది. కంపెనీ తక్కువ కడుతుంది లేదా అసలు కట్టనంటుంది, మిగిలింది అతనే భరించాలి. ఓనర్ ఇన్సూరెన్స్ మాట ఎత్తడానికి వెనకాడితే చాలాసార్లు కారణం ఇదే. అందుకే జీతం రుజువు మీ చేతిలో ఉండాలి. శనివారం శనివారం ఫోన్‌పేలో పడిన డబ్బు స్క్రీన్‌షాట్లు, బ్యాంకు స్టేట్‌మెంటు, హాజరు పుస్తకం పేజీ ఫొటో, ఏది దొరికితే అది దాచండి.

"అతను మా మనిషి కాదు, మేస్త్రి మనిషి" అని అనొచ్చు. ఓనర్ తన వ్యాపారం పని మేస్త్రికి కాంట్రాక్టు ఇచ్చినా బాధ్యత ఓనర్‌కి ఉంటుంది. తర్వాత మేస్త్రి దగ్గర రాబట్టుకోవడం వాళ్ల గొడవ. "అజాగ్రత్తగా చెయ్యి పెట్టాడు" అన్నా కేసు పోదు. తాగి ఉండటం, భద్రతా నియమాన్ని కావాలని ఉల్లంఘించడం, మెషిన్ గార్డును తెలిసి తెలిసి తీసేయడం, ఇవి మాత్రమే అడ్డు. మరణం, పూర్తి శాశ్వత వైకల్యం విషయంలో అవి కూడా అడ్డు కావు. పని తొందరగా కావాలని గార్డు మేస్త్రే విప్పేసి ఉంటే ఆ మాట సాక్షుల చేత చెప్పించండి.

ఒక్కటి ముందే తేల్చుకోండి. జీతంలో ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కోత పడుతోందా? పదిమంది, అంతకు మించి ఉన్న చోట, నెలకు 21,000 లోపు జీతం ఉన్నవాళ్లకు ఈఎస్ఐ ఉండాలి. అది ఉంటే దారి వేరు. వైద్యం గుణదల ఈఎస్ఐ ఆస్పత్రిలో దొరుకుతుంది, పని చేయలేని రోజులకు 90 శాతం వేతనం, శాశ్వత వైకల్యానికి నెలనెలా డబ్బు వస్తాయి. కానీ పైన చెప్పిన పరిహారం యజమాని మీద మళ్లీ అడగడానికి ఉండదు. రెండూ కలిపి రావు.

ఈఎస్ఐ లేకపోతే ఓనర్‌కి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. తేదీ, సమయం, మెషిన్, గాయం, జీతం, అన్నీ అందులో ఉండాలి. రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచండి. నెలలోగా కట్టకపోతే కార్మిక శాఖలో ఈ కేసులు వినే అధికారి దగ్గర దరఖాస్తు వేయాలి. ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు వేయడం తప్పనిసరి. లాయర్‌కి డబ్బులు లేకపోతే కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా పెడతారు. ఓనర్‌తో రాజీ కుదిరినా ఆ ఒప్పందాన్ని అదే అధికారి దగ్గర రిజిస్టర్ చేయించాలి. మొత్తం అన్యాయంగా తక్కువ ఉంటే ఆయన నిరాకరించొచ్చు.

మా హెల్పర్ కేసు పాత చట్టం కింద నడిచింది. ఆలస్యానికి 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే 50 శాతం దాకా పెనాల్టీ ఉండేవి. పెనాల్టీ ఇన్సూరెన్స్ కంపెనీ మీద వేయడానికి లేదని 1997లో సుప్రీంకోర్టు ఒక వాహన ప్రమాద కేసులో తేల్చింది, అది ఓనరే కట్టుకోవాలి. ఈ ఒక్క మాట మా ఓనర్‌కి అర్థమయ్యాక క్లెయిమ్ ఫారం మీద సంతకం వెంటనే పెట్టారు. మీ తమ్ముడి ఓనర్‌కి కూడా గొడవ పడకుండా ముందు ఇదే చెప్పి చూడండి. పోయినవి ఏ వేళ్లు, ఏ కణుపు దాకా అన్నది రాస్తే కచ్చితమైన లెక్క కట్టి చెబుతాను.