‘తీసుకోబడును’ అంటే ఎవరు తీసుకుంటారు?

సందేహం: మా ఊరు కోనసీమ తీరంలో ఉంది. సముద్రంలో కొత్తగా చమురు, గ్యాసు బావులు తవ్వి పైపులైను మా ఒడ్డుకు తెస్తారట, టెర్మినల్ కూడా ఇక్కడే కడతారట. అందుకు ప్రజాభిప్రాయ సేకరణ జరపబోతూ పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక సారాంశాన్ని తెలుగులో పంచాయతీ ఆఫీసులో పెట్టారు. అందులో ‘ప్రమాదవశాత్తు చమురు వెలువడినచో తగు చర్యలు తీసుకోబడును. మత్స్యకారులకు సమాచారము అందజేయబడును’ అని ఉంది. నేను బడిలో తెలుగు చెబుతాను. ఆ వాక్యాలు చదివి వినిపిస్తే మావాళ్లు ‘ఎవరు తీసుకుంటారు మాస్టారూ?’ అని అడిగారు. ‘తీసుకోబడును’ తెలుగేనా? ‘తీసుకుంటారు’ అని మారిస్తే సరిపోతుందా? ‘ఆఫ్‌షోర్’ను ‘తీరప్రాంత’ అనడం, ‘పబ్లిక్ హియరింగ్’ను ‘ప్రజాభిప్రాయ సేకరణ’ అనడం కూడా సరైనవేనా?

సమాధానం: మీ ఊరివాళ్లు అడిగిన ప్రశ్నే అసలు వ్యాకరణ ప్రశ్న. దాని సంగతి ముందు చూద్దాం.

తెలుగులో కర్మణి ప్రయోగం లేదనలేం. ‘చంపన్’ వంటి రూపం మీద ‘పడు’ చేరి, ద్రుతం (చివరి ‘న్’) వల్ల పరుషం సరళమై, అంటే ‘ప’ ‘బ’గా మారి, ‘చంపఁబడు’ అవుతుంది. పాత అచ్చు పుస్తకాల్లో ఆ అరసున్న కనిపిస్తుంది. ‘కనబడు, వినబడు, నిలబడు, పట్టుబడు’ మన నోట రోజూ ఆడే మాటలే. కాబట్టి ‘బడు’ కనిపించిన ప్రతిచోటా పరాయిదని కొట్టేయకూడదు. అయితే ‘దొంగ పట్టుబడ్డాడు’ అనేవాళ్లెవరూ ‘దొంగ పోలీసులచేత పట్టుకోబడ్డాడు’ అనరు. మాట్లాడే తెలుగుకు ఆ రెండో వాక్యం అక్కర్లేదు. అది ఆఫీసు తర్జుమాలలోంచి వచ్చి ఆఫీసు కాగితాల్లోనే బతుకుతోంది. పైగా ‘తీసుకొను’లో ఉన్న ‘కొను’ చేసేవాడి వైపు చూపే ధాతువు. దాని మీద మళ్లీ ‘బడు’ పెట్టి చేసేవాణ్ణి తప్పించడం వినడానికే ఎబ్బెట్టుగా ఉంటుంది.

‘ఇచ్చట సైకిళ్లు అద్దెకు ఇవ్వబడును’ అన్న బోర్డు చాలా ఊళ్లలో చూశాం. వాక్యం కృతకమే గాని దానివల్ల ఎవరికీ నష్టం లేదు. ఇచ్చేవాడు బోర్డు కిందే కూర్చుని ఉంటాడు. సముద్రంలో బావి సంగతి అలా కాదు. బ్లాకు (చమురు వెతకడానికి కేటాయించిన సముద్ర భాగం) తీసుకున్న సంస్థ ఒకటి, రిగ్గు (బావి తవ్వే యంత్రాంగం) అద్దెకిచ్చినవాళ్లు మరొకరు. బావికి సిమెంటు పని, తవ్వేటప్పుడు లోపలికి పంపే మట్టి ద్రవాల పని వేరే కాంట్రాక్టర్లది. సరుకులు, మనుషుల్ని మోసే ఓడకు వేరే కెప్టెను ఉంటాడు. చమురు నీటిలో కలిస్తే సముద్రం మీద చర్యలన్నిటినీ సమన్వయం చేసేది కోస్ట్‌గార్డు. అదే చమురు ఒడ్డుకు కొట్టుకొస్తే శుభ్రం చేయించే భారం రాష్ట్ర యంత్రాంగం మీద పడుతుంది. ఇంతమంది ఉన్నచోట ‘తీసుకోబడును’ అని రాస్తే ఆ వాక్యంలో ఎవరూ లేనట్టే.

ఈ లోటు ఎంత దూరం పోతుందో తెలియాలంటే ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా ప్లాట్‌ఫారం కథ వినాలి. 1988 జూలై 6న, స్కాట్లాండ్ తీరానికి దూరంగా, ఆ ప్లాట్‌ఫారం మీద ఒక కండెన్సేట్ (గ్యాసు నుంచి వేరుపడే ద్రవ ఇంధనం) పంపు మరమ్మతులో ఉంది. దానికి సంబంధించిన భద్రతా వాల్వును విప్పి, ఆ చోట తాత్కాలికంగా మూత బిగించారు. పంపుకు ఒక పర్మిట్ కాగితం, వాల్వుకు ఇంకో పర్మిట్ కాగితం. రాత్రి షిఫ్టువాళ్లకు మొదటిది తెలుసు, రెండోది తెలియదు. రెండో పంపు ఆగిపోవడంతో దీన్ని నడపబోయారు. గ్యాసు చిమ్మింది, పేలింది. ఆ తర్వాత జరిగిందే మన ప్రశ్నకు మరీ దగ్గరిది. పక్కన ఉన్న టార్టన్, క్లేమోర్ ప్లాట్‌ఫారాలు పైపర్ వైపు పోయే గొట్టాల్లోకి చమురు, గ్యాసు పంపుతూనే ఉన్నాయి. పైపర్ మండుతున్న సంగతి తెలిసినా, తమంతట తాము ఉత్పత్తి ఆపే అధికారం తమకుందని అక్కడివాళ్లకు నమ్మకం చిక్కలేదు. 167 మంది చనిపోయారు, 61 మంది బతికి బయటపడ్డారు.

విచారణ జరిపిన లార్డ్ కలెన్ 1990లో 106 సిఫారసులు చేశారు. ప్రభుత్వం ఇచ్చిన నియమాల పట్టికకు టిక్కులు పెడితే చాలదు, తన ప్లాట్‌ఫారంలో ఏ ప్రమాదాలు రావచ్చో, వాటిని ఎలా అదుపు చేస్తుందో ఆపరేటరే రాసి రుజువు చేయాలన్నది వాటి సారం. దాని మీదే 1992లో బ్రిటన్‌లో ‘సేఫ్టీ కేస్’ నిబంధనలు వచ్చాయి. భాష వైపు నుంచి చూస్తే, కర్తను వాక్యంలోకి తిరిగి తెచ్చిన సంస్కరణ అది.

మన దేశంలోనూ ఇలాంటి దెబ్బ తగిలాకే నిబంధనలు వచ్చాయి. 2005 జూలై 27న ముంబై దగ్గరి సముద్రంలో ఉన్న బాంబే హై నార్త్ ప్లాట్‌ఫారం దగ్గర, గాయపడిన ఒక మనిషిని ప్లాట్‌ఫారం మీదకు చేర్చడానికి వచ్చిన సముద్ర సురక్ష అనే ఓడ, ప్లాట్‌ఫారాన్నీ సముద్రం అడుగునూ కలుపుతూ గ్యాసు మోసే రైజరు గొట్టానికి కొట్టుకుంది. మంటలు లేచాయి. 22 మంది పోయారు, 362 మందిని కాపాడారు. ఆ తర్వాత 2008లో సముద్రంలో చమురు, సహజవాయు కార్యకలాపాల భద్రతకు కేంద్రం నిబంధనలు తెచ్చింది. వాటి అమలు చూసేది చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్, అందరూ ఓఐఎస్‌డీ అనేది దాన్నే.

ఇక మీ రెండో ప్రశ్న. ‘తీసుకోబడును’ను ‘తీసుకుంటారు’ అని మారిస్తే భాష సాఫీ అవుతుంది. పత్రికల్లో అలా దిద్దడం మంచి అలవాటే. ‘వంతెన కట్టారు, బడి తెరిచారు’ అని కర్తను చెప్పకుండా బహువచన క్రియతో గడిపేయడం మన నుడికారం. కాని మీ కాగితానికి ఆ దిద్దుబాటు చాలదు. ‘ఎవరు?’ అన్న ప్రశ్న అలాగే ఉంటుంది, కాకపోతే వినసొంపుగా ఉంటుంది.

క్రియ రూపం సంగతి కూడా చూడాలి. ‘చేయును’ అనేది తద్ధర్మార్థకం, వస్తువు స్వభావాన్ని చెప్పేది. ‘సూర్యుడు తూర్పున ఉదయించును’ లాంటిది. వాడుకలో ‘చేస్తారు’ కూడా అలవాటుకూ భవిష్యత్తుకూ ఉమ్మడి రూపమే. బాధ్యతను చెప్పే రూపం వేరే ఉంది: ‘చేయవలెను’, ఈనాటి మాటలో ‘చేయాలి’. ‘చేయవలసి ఉంటుంది’ అంటే పట్టు సడలుతుంది, పరిస్థితి వస్తే అప్పుడు చూద్దాం అన్న ధ్వని వస్తుంది. ‘చేయవచ్చు’ మరీ ప్రమాదం. అది అనుమతీ కావచ్చు, అవకాశమూ కావచ్చు. ‘రిగ్గు మేనేజరు బావిని మూయవచ్చు’ అని రాస్తే, మూసే అధికారం ఆయనకుందనా, బహుశా మూస్తాడేమోననా? టార్టన్, క్లేమోర్ మనుషులు తడబడింది సరిగ్గా ఈ చోటే. అధికారం ఉంటే ‘మూసే అధికారం ఆయనదే, పైవాళ్ల అనుమతి కోసం ఆగకూడదు’ అని విడదీసి రాయాలి.

మీ సారాంశంలోని ఆ రెండు వాక్యాలను నేనైతే ఇలా రాస్తాను:

‘బావి నుంచి చమురు చిమ్మినా, పైపులైను నుంచి కారినా, రిగ్గు మేనేజరు వెంటనే దాన్ని మూయించాలి. ఇన్ని నిమిషాల్లోగా కోస్ట్‌గార్డుకు, జిల్లా కలెక్టరుకు తెలపాలి. వేటలో ఉన్న బోట్లకు సంస్థ కంట్రోల్ రూము తెలుగులో రేడియో హెచ్చరిక ఇవ్వాలి. ఒడ్డున ఉన్న ఊళ్లకు ఫలానా అధికారి మైకులో చెప్పించాలి. వలలు, బోట్లు పాడైతే నష్టపరిహారం దరఖాస్తును ఫలానా కార్యాలయం తీసుకోవాలి.’

ఆ ‘ఇన్ని’, ‘ఫలానా’ ఉన్నచోట్లు సంస్థ నింపాల్సినవి. ‘తగు’, ‘అవసరమైన’, ‘సాధ్యమైనంత వరకు’ అన్న మాటలు ఆ ఖాళీలను కప్పిపుచ్చుతాయి. వాటిని తీసేసి చదివితే ఖాళీ బయటపడుతుంది. ‘వెలువడు’ బదులు ‘చిమ్ము’, ‘కారు’ పెట్టింది కూడా అందుకే. గొట్టం అతుకులోంచి వస్తే కారడం, ఓడలోంచో ట్యాంకులోంచో పోతే ఒలకడం, బావి అదుపు తప్పితే చిమ్మడం, నీటి మీద పరుచుకుంటే తెట్టు కట్టడం. ఇన్ని మాటలుండగా అన్నిటికీ ‘వెలువడు’ ఎందుకు? బావి అదుపు తప్పి ఎగజిమ్మడాన్ని చెప్పే ‘బ్లోఅవుట్’ను మాత్రం అలాగే ఉంచండి. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండినప్పటి నుంచి కోనసీమలో ఆ మాటకు అర్థం చెప్పాల్సిన పని లేదు. అది నేల మీది బావే అయినా మాట సముద్రానికీ పనికొస్తుంది.

మరొకటి కూడా అడగండి: ఆ సారాంశంలో మీ సముద్రం ఉందా? 2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలి 11 మంది చనిపోయారు, చమురు 87 రోజుల పాటు పారింది. ఆ సముద్రం కోసం, ఆ బావిని తవ్విస్తున్న బీపీ సంస్థ అంతకుముందే దాఖలు చేసిన స్పందన ప్రణాళికను తీసి చూస్తే, కాపాడాల్సిన జంతువుల జాబితాలో వాల్రస్ ఉంది. వాల్రస్ ఉండేది ఆర్కిటిక్ మంచు సముద్రాల్లో. మరికొన్ని పెద్ద సంస్థల గల్ఫ్ ప్రణాళికల్లోనూ ఆ జంతువే ఉందని అమెరికా కాంగ్రెస్ విచారణలో తేలింది. ఎక్కడిదో కాగితం ఎత్తి రాసినట్టు ఆ ఒక్క మాటే పట్టిచ్చింది. మీ కాగితంలో ఉండాల్సినవి కోరంగి మడ అడవులు, ఏటా గుడ్లు పెట్టడానికి గోదావరి మొగల దగ్గరికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు, వరద నీటికి ఎదురెక్కే పులస, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధ కాలం. ఈ పేర్లు లేకుండా ‘సముద్ర జీవజాలము’ అని ఒక్క సమాసంతో సరిపెట్టి ఉంటే, ఆ పేజీ మీ తీరం చూసి రాసినది కాదని అనుమానించడానికి కారణం ఉంది.

‘తీరప్రాంత’ తప్పు. తీరప్రాంతం అంటే ఒడ్డు, దాని దాపున ఉన్న నేల. మీ ఊరే తీరప్రాంతం. ఆఫ్‌షోర్‌కు ‘సముద్రంలోని’ చాలు: ‘సముద్రంలోని చమురు బావులు’. పత్రికల్లో ‘ఆఫ్‌షోర్’ అని రాసినా తప్పులేదు. తీరానికి ఎన్ని కిలోమీటర్లో రాసేటప్పుడు ఎన్ని బారల లోతో కూడా చేరిస్తే వేటకు వెళ్లేవాళ్లకు ఆ చోటు వెంటనే పోల్చుకోవడానికి వీలుంటుంది. ప్లాట్‌ఫారం చుట్టూ 500 మీటర్ల దాకా భద్రతా మండలం ఉంటుంది గనుక, అది తాము వల వేసే చోటా కాదా అని తేల్చుకోవాల్సింది వాళ్లే.

మీరు అడగకపోయినా ‘తవ్వకాలు’ అన్న మాట గురించి కూడా చెప్పాలి. చమురు ఉందో లేదో చూడటం అన్వేషణ. దొరికాక బావులు, గొట్టాలు, టెర్మినల్ ఏర్పాటు చేయడం అభివృద్ధి, తీసి అమ్మడం ఉత్పత్తి. పత్రికలు మూడింటినీ ‘తవ్వకాలు’ అనేస్తాయి. చట్టం దృష్టిలో అవి ఒకటి కావు. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌ను 2020 జనవరిలో సవరించి, అన్వేషణను ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేని బీ2 తరగతిలోకి మార్చారు. అభివృద్ధి, ఉత్పత్తి ‘ఏ’ (A) తరగతిలోనే ఉండిపోయాయి. కాగితంలో ఏ మాట ఉందన్న దాన్ని బట్టే మీ ఊళ్లో సభ జరగడం, జరగకపోవడం ఉంటుంది.

‘పబ్లిక్ హియరింగ్’కు ‘ప్రజాభిప్రాయ సేకరణ’ స్థిరపడిపోయింది, మార్చమనను. ‘ప్రజా విచారణ’ అంటే ప్రజలను విచారిస్తున్నట్టు ధ్వనిస్తుంది. కాని నోటిఫికేషన్‌లో రెండు భాగాలున్నాయి: ఊళ్లో జరిగే సభ, సంబంధం ఉన్నవాళ్లు రాసి పంపే అభిప్రాయాలు. తెలుగులో రెండింటికీ ఒకటే పేరు వాడటంతో, సభకు రానివాళ్లకు మాట్లాడే దారి లేదని చాలామంది అనుకుంటున్నారు. సభను ‘ప్రజాభిప్రాయ సేకరణ సభ’ అనండి, రెండోదాన్ని ‘లిఖిత అభిప్రాయాలు’ అనండి.

ఆ సభలో మీరు చేయగల పని ఒకటుంది. నోటిఫికేషన్ ప్రకారం సభ చివర, నమోదు చేసిన విషయాలను అక్కడున్నవాళ్లకు స్థానిక భాషలో వివరిస్తూ చదివి వినిపించాలి. ఆ తర్వాతే కలెక్టరు గాని ఆయన ప్రతినిధి గాని సంతకం చేయాలి. మీవాళ్లు లేవనెత్తిన అంశాలు, వాటికి సంస్థ ఇచ్చిన జవాబులు తెలుగులోనూ రాసి జత చేయాలి. సంస్థ జవాబుల్లో ‘బడును’ వినబడితే, సంతకం కాకముందే లేచి కర్త ఎవరో చేర్చమని అడగండి. మీరు తెలుగు మాస్టారు గనుక ఆ వాక్యం ఎలా ఉండాలో అక్కడికక్కడే రాసి ఇవ్వగలరు కూడా.