నాన్నగారి గీత, డాక్టరుగారి మాత్రలు

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. కడుపులో పుండు ఉందని, దానికి ఒక బ్యాక్టీరియా కారణమని పరీక్షల్లో తేలింది. డాక్టరు యాంటీబయాటిక్స్ రాశారు. ఆయన వేసుకోనంటున్నారు. "నాకు పాతికేళ్లప్పుడు ఇదే నొప్పికి టెన్షన్ అన్నారు, కారం మానమన్నారు. ఇప్పుడు క్రిమి అంటున్నారు. రేపు ఇంకేదో అంటారు. నేను రోజూ చదివే గీతలో ఒక్క అక్షరం మారలేదు" అంటారు. కోపంలో "మారనిది రాయి ఒక్కటే" అనేశాను. అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు.

జవాబు: మీ నాన్నగారు చెప్పింది అబద్ధం కాదు. అప్పట్లో డాక్టర్లు నిజంగానే అలా చెప్పేవారు. 1980లలో ఆస్ట్రేలియాకు చెందిన బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు వైద్యులు అల్సర్‌కి హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా కారణమంటే, కడుపులోని అంత ఆమ్లంలో ఏ క్రిమి బతుకుతుందని చాలామంది కొట్టిపారేశారు. చివరికి 1984లో మార్షల్ ఆ క్రిమి ఉన్న ద్రవాన్ని తనే తాగి, జబ్బు తెచ్చుకుని మరీ చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఈ సంగతి ఆయనకు చెప్పండి, కానీ గెలవడానికి కాదు. పాత మాటను ఎవరూ సరదాకి మార్చలేదని, రుజువులు చూశాకే, అదీ బోలెడంత గొడవపడి మార్చుకున్నారని ఆయనకు తెలియాలి. రేపు ఇంతకన్నా మంచి మందు రావచ్చు. అంతమాత్రాన ఈ మందుతో నయమైనవాళ్ల పుండు తిరిగొచ్చేయదు కదా.

ఇక మీ సంగతి. ఆ రాయి మాటకి ముందు క్షమాపణ అడగండి, మాత్రల ఊసెత్తకుండా. గీత మారకపోవడం లోపమేమీ కాదు. భయమేసినప్పుడు పట్టుకోవడానికి మనిషికి కదలనిదొకటి కావాలి. ఆ వయసులో కడుపులో పుండు ఉందని విన్న మనిషికి మరీనూ. నాకైతే ఆయనది వాదన కాదు, బెంగ అనిపిస్తోంది. పైగా అక్షరం మారకపోయినా అర్థం ఒక్కచోటే ఆగలేదు. అవే శ్లోకాల్లో శంకరులు అద్వైతం, రామానుజులు విశిష్టాద్వైతం, మధ్వాచార్యులు ద్వైతం చూశారు. ఆ తేడా ఏమిటో ఆయన్నే అడగండి. ఇరకాటంలో పెట్టడానికైతే వద్దు, నిజంగా వినాలనిపిస్తేనే. (నటిస్తే తండ్రులు ఇట్టే పట్టేస్తారు.)

ఒక పని మాత్రం చేయకండి. ఆయన్ని ఒప్పించడానికి "ఈ క్రిమి సంగతి మన గ్రంథాల్లో ఎప్పుడో ఉంది" అనకండి. రేపు డాక్టర్లు ఇంకో మాట చెబితే, అప్పుడు గ్రంథాన్ని ఏం చేస్తారు?

ఈ చర్చ తేలేదాకా మాత్రలు ఆగక్కర్లేదు. డాక్టరునే ఆయనతో నేరుగా మాట్లాడమనండి. కోర్సు సాధారణంగా రెండు వారాలు ఉంటుంది, నొప్పి తగ్గిందని మధ్యలో ఆపకూడదు. ఒళ్లు నొప్పులకు పెయిన్‌కిల్లర్లు వాడుతుంటే ఆ విషయం కూడా చెప్పండి, వాటిలో కొన్ని కూడా పుండు చేస్తాయి. ఈలోగా విరేచనం నల్లగా తారులా అయినా, వాంతిలో రక్తం కనిపించినా, అలకలు పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.