ఈ మధ్య వచ్చిన కోజీ మిస్టరీలు, థ్రిల్లర్లు, మనసుకు హాయినిచ్చే నవలల్లో ఏవి చదవొచ్చు?

కోజీ మిస్టరీ (రక్తపాతం పెద్దగా లేకుండా మామూలు మనుషులే హత్య గుట్టు తేల్చే కథ) కావాలంటే ‘ది థర్స్‌డే మర్డర్ క్లబ్’. మనసుకు హాయి కావాలంటే ముందు ‘ఎ మ్యాన్ కాల్డ్ ఓవ్’, ఆ తర్వాత ‘బిఫోర్ ది కాఫీ గెట్స్ కోల్డ్’. థ్రిల్లర్ల సంగతి అడక్కండి, నూటికి తొంభై దండగ. ఇది నా ఒక్కదాని మాట కాదు, వరదప్పుడు మా హాల్లో కూర్చున్న ఐదారుగురు కలిసి ఇచ్చిన తీర్పు. వాళ్లలో ఇంగ్లీషు నవల చదివినవాళ్లు ఒక్కరూ లేరు. అందుకే వాళ్ల తీర్పంటే నాకు గురి.

మాది విజయవాడ, సింగ్ నగర్. 2024 సెప్టెంబరు ఒకటో తారీఖు ఆదివారం బుడమేరు వాగు మా వీధుల్లోకి వచ్చేసింది. మేముండేది రెండో అంతస్తు. కింద పోర్షన్ల వాళ్లు బియ్యం బస్తా, గ్యాస్ బండ, ఆధార్ కార్డులున్న సంచి పట్టుకుని పైకొచ్చేశారు. కరెంటు లేదు, ఫోన్లు సాయంత్రానికే చచ్చాయి. ఫ్లైఓవర్ వైపు నుంచి పడవలు వచ్చేవి. బకెట్టుకి తాడు కట్టి బాల్కనీలోంచి దించితే పాల ప్యాకెట్లు, నీళ్ల సీసాలు, అన్నం పొట్లాలు వేసేవాళ్లు. గోడకి తగిలి ఒలికిపోకుండా ఆ బకెట్టు పైకి లాగడం ఒక విద్య. అది ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన బాబాయిగారికే వచ్చింది. ఇంకెవరు తాడు పట్టుకున్నా ఆయన ఊరుకునేవారు కాదు.

పగలు ఎలాగో గడిచేది. చీకటి పడితే దోమలు, మెట్ల కింద నీళ్ల కంపు, దాచుకుని దాచుకుని వెలిగించే కొవ్వొత్తి. అప్పుడు కింద పోర్షన్ పెద్దమ్మగారు నన్ను పట్టుకున్నారు. “ఏమ్మాయ్, ఎప్పుడు చూసినా ఆ ఇంగ్లీషు పుస్తకాలు ముందేసుకు కూర్చుంటావుగా, అందులో ఏముందో మాకూ చెప్పు” అన్నారు. ఆవిడ చిన్నప్పుడు కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు అద్దెకు తెచ్చుకుని, బియ్యం డబ్బాలో దాచి చదివిన మనిషి. ఊరికే వినిపోయే రకం కాదు.

మొదట థర్స్‌డే మర్డర్ క్లబ్ చెప్పాను. ఇంగ్లండులో కెంట్ అనే చోట రిటైరైన వాళ్లుండే కాలనీ ఒకటుంది. అందులో నలుగురు ప్రతి గురువారం కూర్చుని, పోలీసులు తేల్చలేక వదిలేసిన పాత హత్య కేసులు తిరగేస్తుంటారు. ఒకావిడ గూఢచారిగా చేసింది, ఇంకొకావిడ నర్సు, ఒకాయన సైకియాట్రిస్టు, మరొకాయన యూనియన్ లీడరు. ఎవరూ వచ్చి అడ్డు తగలకుండా ఆ గదిని ‘జపనీస్ ఓపెరా మీద చర్చ’ అని రాయించి బుక్ చేసుకుంటారు. అది చెప్పగానే పిల్లలు పడీ పడీ నవ్వారు. కాసేపటికి నిజంగానే హత్య జరుగుతుంది. బాబాయిగారు వెంటనే “యూనియన్ లీడరా? అయితే ఆయన మాత్రం చెయ్యడు” అని తేల్చేశారు. పెద్దమ్మగారికి ఆ ఇంగ్లీషు పేర్లు నోరు తిరగలేదు. నర్సమ్మ, డాక్టరు, గూఢచారిణి అని తనే పేర్లు పెట్టేసుకున్నారు. మర్నాడు పొద్దున పళ్లు తోముకుంటూ “ఆ పోయినవాడి స్థలం ఎవరికొస్తుందన్నావు?” అని అడిగారు. రాత్రి పడుకోలేదేమో ఆవిడ!

ఇది రాసిన రిచర్డ్ ఆస్మన్ అంతకు ముందు టీవీ షోలు చేసుకునే మనిషి. తన తల్లి అలాంటి రిటైర్మెంట్ కాలనీలోనే ఉంటే, అక్కడికి వెళ్లి వస్తూ ఈ కథ అల్లాడు. 2020లో వచ్చింది. ఇంతమంది దీన్ని ఎందుకు నెత్తిన పెట్టుకున్నారని విమర్శకులు ఏవేవో రాశారుగానీ, నాకు ఆ రాత్రే తెలిసిపోయింది. ఈ కథ నోటితో చెప్పినా నిలబడుతుంది. ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరికి ఎవరి మీద ఉక్రోషం, ఎవరికి ఏం కలిసొస్తుంది, ఇంతే కథ. వంటింట్లో కూర్చుని చెప్పుకోవచ్చు.

దాని తర్వాత ‘ది హౌస్‌మెయిడ్’ చెప్పి భంగపడ్డాను. ఫ్రీడా మెక్‌ఫాడెన్ రాసింది, 2022 నాటిది, ఎక్కడ చూసినా అదే. జైలు నుంచి వచ్చిన అమ్మాయి ఒక డబ్బున్న వాళ్లింట్లో పనికి కుదురుతుంది. అటక మీద చిన్న గది ఇస్తారు. ఆ గదికి గడియ బయటివైపే ఉంటుంది. ఇక్కడ నేను గొంతు తగ్గించి ఆగాను, అందరూ ఉలిక్కిపడతారని. పెద్దమ్మగారు “గడియ బయట ఉందని మొదటిరోజే చూసిందా?” అన్నారు. చూసిందన్నాను. “మరి సంచీ సర్దుకుని బయటపడక ఇంకా అక్కడేం చేస్తుంది?” డబ్బుల్లేవండీ, జైలుకెళ్లి వచ్చింది కాబట్టి వేరే పని దొరకదు అన్నాను. “ఎందుకెళ్లింది జైలుకి?” అది చివర్లో తెలుస్తుందండీ అన్నాను. “కథ చెప్పేది ఆ పిల్లే కదా? దానికి తెలుసు కదా? మరి మనకెందుకు చెప్పదు?”

నా దగ్గర జవాబు లేదు. ఆవిడకే కాదు, ఆ నవలకీ జవాబు లేదు. పుస్తకంలో అయితే పేజీలు పరుగెత్తుతాయి కాబట్టి మనం అడగం. ఎదురుగా మనిషి కూర్చుని ‘నేను’ అంటూ కథ చెప్తే మాత్రం, తనకు తెలిసిన ముక్క దాచిందంటే వెంటనే నిలదీస్తాం. 2012లో ‘గాన్ గర్ల్’ అనే థ్రిల్లర్ దుమ్ము లేపినప్పటి నుంచి థ్రిల్లర్లు రాసేవాళ్లందరూ ఈ దారే పట్టారు. ముందు దాచడం, చివర్లో తీసి చూపించడం, దానికి ట్విస్టని పేరు. అగాథా క్రిస్టీ 1926లోనే ఈ పని చేసింది కదా అని మీరు అనొచ్చు. చేసింది. కానీ ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్’ అనే ఆ నవల చివరిదాకా చదివి వెనక్కి వెళ్లి చూస్తే ప్రతి వాక్యం నిజమే, మనమే సరిగ్గా చదవలేదని తెలుస్తుంది. అది వేరే లెవెల్. ఇప్పటివాళ్లు తాళం వేసి, చెవి జేబులో పెట్టుకుని, మనల్ని తలుపు తియ్యమంటున్నారు. బాబాయిగారైతే మధ్యలోనే “ఇది వద్దమ్మా, ఆ ముసలాళ్లదే ఇంకోసారి చెప్పు” అన్నారు.

జపాన్ కాఫీ పుస్తకానికి వేరే రకం గొడవ వచ్చింది. టోక్యోలో నేల కింద చిన్న కాఫీ హోటలు, అందులో ఒక్క కుర్చీ. దాంట్లో కూర్చుంటే వెనకటి రోజుల్లోకి వెళ్లొచ్చు, కానీ అక్కడేం చేసినా ఇప్పటి సంగతి మారదు, పోసిన కాఫీ చల్లారేలోపు వచ్చేయాలి. “ఫ్లాస్కులో పోయించుకుంటే సరి” అన్నారు మా అత్తయ్య. అందరం నవ్వాం. ఆ పూట వచ్చిన పాలు చంటిపిల్లలకే సరిపోలేదు, కాఫీ మాట ఎత్తితేనే అందరికీ ప్రాణం లాగుతోంది. అయినా జ్ఞాపకం పోతున్న మొగుడు పెళ్లాన్నే గుర్తుపట్టని కథ దగ్గరికొచ్చేసరికి హాలంతా గప్‌చుప్. అతను ఇవ్వకుండా ఉంచేసిన ఉత్తరం కోసం ఆవిడ వెనక్కి వెళ్తుంది. ఉత్తరంలో ఏముందో ఇక్కడ చెప్పను. ఈ కథ మొదట నాటకంగా ఆడారట. ఒకటే గది, వచ్చేవాళ్లు పోయేవాళ్లు, అందుకే చెప్పడానికి అంత సుళువు. చదవడానికి మాత్రం నాకు కొంచెం విసుగు. ప్రతి కథలోనూ ఆ కుర్చీ నియమాలు మొదటి నుంచి అప్పజెప్తాడు రచయిత. పైగా భాగాల మీద భాగాలు దింపుతున్నారు. మొదటిది చాలు.

ఓవ్ సంగతి పెద్దగా చెప్పక్కర్లేదు. పొద్దున్నే లేచి, ఎవరి కారు ఎక్కడ పెట్టారో చూసుకుంటూ కాలనీ అంతా రౌండు కొట్టే యాభై తొమ్మిదేళ్ల స్వీడన్ మనిషి, అచ్చం మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంటే. భార్య పోయాక తనూ పోదామనుకుంటాడు. పక్కింట్లో దిగిన ఇరాన్ అమ్మాయి అతన్ని ప్రశాంతంగా పోనివ్వదు. ఏడిపిస్తుంది, నవ్విస్తుంది. 2012లో స్వీడిష్‌లో వచ్చింది కాబట్టి ‘ఈ మధ్య’ కిందకి రాదంటారేమో, రాకపోతే పోనివ్వండి.

ఇక అడగకపోయినా ఒక మాట. హాయినిచ్చే నవలలన్నిటి అట్టల మీదా ఒక పిల్లి, ఒక కిటికీ, ఒక పుస్తకాల షాపు. జనవరిలో మన బెజవాడ పుస్తక ప్రదర్శనకి వెళ్తే ఇంగ్లీషు స్టాళ్లలో ఇవే గుట్టలు. లోపల ఏ పుస్తకమో తెలియాలంటే పేరు చదవాల్సిందే, బొమ్మని బట్టి చెప్పలేం. తెలుగులో మాత్రం ఈ రకం కొత్త నవల కావాలంటే స్టాల్ వాళ్లు మధుబాబు రాసిన పాత షాడో గూఢచారి పుస్తకాలు చూపిస్తారు. ఆయనంటే నాకూ ఇష్టమే, కానీ నేను అడిగింది అది కాదుగా. కోజీ మిస్టరీకి కావలసిన సరుకంతా మన దగ్గరుంది. గుంటూరు బ్రాడీపేట నాలుగో లైన్లో ఎవరింట్లో ఏం వండారో ఆరో లైన్లో తెలిసిపోతుంది. కార్తీక వనభోజనాల్లో ఉసిరి చెట్టు కింద ఒక శవం దొరికిందనుకోండి, వంట బ్రాహ్మడి దగ్గర నుంచి డబ్బులు వసూలు చేసిన సెక్రటరీ దాకా అందరి మీదా అనుమానమే. ఎవరైనా రాయండయ్యా, రెండు కాపీలు కొంటాను, ఒకటి పెద్దమ్మగారికి.

మళ్లీ మీ ప్రశ్న దగ్గరికొస్తే, థర్స్‌డే మర్డర్ క్లబ్ 2025లో నెట్‌ఫ్లిక్స్‌లో సినిమాగా వచ్చింది, హెలెన్ మిర్రెన్ ఉంది. పుస్తకం అయ్యాకే చూడండి, నర్సమ్మ డైరీలో ఉన్న చమత్కారం తెర మీద సగం ఎగిరిపోయింది. హౌస్‌మెయిడ్ కూడా సినిమా అయింది. ఇంత చెప్పినా ఆ పుస్తకమే కావాలంటే డబ్బులు పెట్టి కొనకండి, నాది పట్టుకెళ్లండి. తిరిగివ్వక్కర్లేదు.